నేరం ఒప్పుకునే ముందు



మేజిస్ట్రేటు కోర్టు వరండాలో రోజూ ఎవరో ఒకరి చెవిన పడే సలహా ఒకటుంది. ‘ఒప్పేసుకో, ఫైను కట్టెయ్, ఇవాళ్టితో వదిలిపోతుంది.’ కోర్టు కానిస్టేబులు చెబుతాడు, తోడు వచ్చిన బావమరిది చెబుతాడు, ఒక్కోసారి నల్లకోటు వేసుకున్నవాళ్లే చెబుతారు. గట్టు తగాదాలో చెయ్యి చేసుకున్న రైతుకూ, పేకాటలో పట్టుబడ్డ ఆటో డ్రైవరుకూ, తాగి బండి నడిపి దొరికిపోయిన ఇంజనీరింగు కుర్రవాడికీ ఇదే సలహా. చెప్పేవాళ్లకు దురుద్దేశం ఉండదు. వాయిదాలకు తిరిగితే కూలి పోతుంది, పరువు పోతుంది, ఫైనుకు పదింతలు ఖర్చవుతుంది అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను. లాయరును అడగకుండా నేరం ఒప్పుకోవడం చిన్న కేసుల్లో మనిషి తీసుకునే నిర్ణయాలన్నింటిలోకీ ఖరీదైనది. చట్టం తొలిసారి తప్పుచేసిన వాడికోసం కొన్ని దారులు తెరిచి పెట్టింది. అవేమిటో తెలియకముందే ఈ సలహా విన్నవాడు వాటిని తన చేతులతోనే మూసేసుకుంటున్నాడు.

ముందు కోర్టు హాలులో ఏం జరుగుతుందో చూద్దాం. పేరు పిలుస్తారు. ముద్దాయి బోనులోకి వెళ్తాడు. మేజిస్ట్రేటు అతనిమీద ఉన్న ఆరోపణ ఏమిటో చెప్పి, నేరం చేశావా అని అడుగుతారు. అతను ‘చేశానండి’ అంటాడు. చిన్న కేసుల్లో ఆ జవాబును వీలైనంతవరకు ముద్దాయి అన్న మాటల్లోనే రాసుకోవాలనీ, దాని ఆధారంగా శిక్ష వేయడమా మానడమా అన్నది మేజిస్ట్రేటు విచక్షణ అనీ చట్టం చెబుతోంది. అంటే ఆ ఒక్క మాటతోనే నేర నిర్ధారణ అయిపోవచ్చు. సాక్షి రాడు, గాయం సర్టిఫికెట్టును ఎవరూ ప్రశ్నించరు, ఆత్మరక్షణలో కొట్టాడేమో అన్న సందేహం ఎవరికీ రాదు. ఆ తర్వాత మనసు మారి పై కోర్టుకు వెళ్దామన్నా, నేరం ఒప్పుకున్న కేసులో అప్పీలు శిక్ష ఎక్కువైందనో, ఆ శిక్ష చట్టప్రకారం చెల్లదనో మాత్రమే వేసుకోవాలి. ‘నేను అసలు ఆ పని చేయలేదు’ అని అప్పీలులో అనడానికి వీలుండదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 416వ సెక్షనులో ఉన్నది ఇదే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులోనూ ఇదే ఉండేది.

చాలామంది ఇంత తొందరగా ఒప్పేసుకోవడానికి మరో కారణం కేసు ఏ దశలో ఉందో తెలియకపోవడం. ఎఫ్.ఐ.ఆర్. కట్టారంటే నేరం రుజువైపోయిందనుకుంటారు. ఎఫ్.ఐ.ఆర్. అన్నది పోలీసులకు అందిన సమాచారం, అంతే. దర్యాప్తు ముగిశాక వేసే ఛార్జిషీటు పోలీసుల అభిప్రాయం. ఆ తర్వాత కోర్టు అభియోగం మోపినా అది విచారణకు ఆరంభం మాత్రమే. ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, హాజరు కమ్మని నోటీసు ఇవ్వడం మొదటి మార్గమని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఆ నోటీసు చేతికందిన రోజే లాయరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు. కోర్టు సమన్లు వచ్చేదాకా ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు. అరెస్టయినవాడు తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించవచ్చని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. విచారించే గదిలో లాయరు మొదటినుంచి చివరిదాకా పక్కనే కూర్చోవాలన్న హక్కు లేదు కానీ, ఆ సమయంలో లాయరును కలిసే హక్కు ఉంది. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. అందుకే స్టేషనులో బెదిరి ఏదో అన్నవాడు ఇక కోర్టులోనూ అదే అనాలేమోనని భయపడనక్కరలేదు.

ఇక ఫైను కట్టి ఇంటికి వచ్చినవాడి సంగతి. వెయ్యి రూపాయల రసీదు జేబులో ఉంటుంది, కేసు మరిచిపోతాడు. నాలుగేళ్లకు పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికో, రైల్వేకో, బ్యాంకుకో ఎంపికైనప్పుడు ఒక ఫారం వస్తుంది. మీమీద ఎప్పుడైనా కేసు నమోదైందా, అరెస్టయ్యారా, శిక్షపడిందా అని అడుగుతారు. ఫైను కూడా శిక్షే. ‘లేదు’ అని రాస్తే అది దాచిపెట్టడం కిందికి వస్తుంది. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, కేసు ఎలాంటిదైనా సమాచారం నిజంగానే ఇవ్వాలని స్పష్టం చేసింది. యవ్వనంలో నినాదాలు చేయడంలాంటి చిన్న తప్పయితే యజమాని తన విచక్షణతో దాన్ని పట్టించుకోకపోవచ్చని కూడా అన్నది. ఆ విచక్షణ యజమానిది, మనది కాదు. అమెరికా వీసా దరఖాస్తులోనూ అరెస్టు, శిక్షల గురించి ప్రశ్న ఉంటుంది. తాగి బండి నడిపిన కేసునే తీసుకోండి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే రెండేళ్ల దాకా జైలు. ఇది చలానా కట్టి వదిలించుకునే హెల్మెట్ కేసు లాంటిది కాదన్న సంగతి వరసలో నిలబడ్డ కుర్రవాళ్లలో ఎందరికి తెలుసు?

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. మన చట్టాలు ‘తొలిసారి’ అన్న మాటకు చాలా విలువిచ్చాయి. భారతీయ న్యాయ సంహిత ప్రకారం 5,000 రూపాయల కంటే తక్కువ విలువైన వస్తువు దొంగిలించి మొదటిసారి శిక్షపడినవాడు ఆ సొత్తు తిరిగి ఇచ్చేస్తే, అతనికి జైలు బదులు సమాజ సేవ శిక్షగా వేస్తారు. విచారణ ఖైదీగా ఉన్నవాడు మునుపు ఏ నేరానికీ శిక్షపడనివాడైతే, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు కానప్పుడు, గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైల్లో గడపగానే విడుదలకు అర్హుడు. ఇతరులు సగం కాలం ఆగాలి. కోర్టు మందలించి వదిలిపెట్టే సౌకర్యమూ మునుపు శిక్షపడనివాడికే. వెయ్యి రూపాయల కేసులో ‘చేశానండి’ అన్నవాడు ఈ అర్హతను ఆరోజే ఖర్చు పెట్టేశాడు. రేపు ఎవరో కక్షకట్టి నిజంగా పెద్ద కేసులో ఇరికిస్తే అతను తొలిసారి వాడు కాడు.

రాజీకీ ఒప్పుకోలుకూ తేడా చెప్పకుండా ముందుకు పోలేను. ఎందుకంటే లోక్ అదాలత్ రోజున ఈ రెండూ ఒకే హాలులో, ఒకే టేబులు ముందు జరుగుతాయి. చిన్న కొట్లాట కేసులో దెబ్బ తిన్నవాడు, కొట్టినవాడు రాజీపడితే, ఆ నేరం రాజీకి వీలున్నది అయితే, చట్టం దృష్టిలో ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే. అదే కేసులో నేరం ఒప్పుకుని ఫైను కడితే శిక్షపడినట్టు. ఇద్దరూ మధ్యాహ్నానికి ఇంటికి వెళ్తారు, ఇద్దరి కేసులూ ముగుస్తాయి, కానీ ఒకరి పేరు మీద మచ్చ లేదు, రెండోవారికి ఉంది. సంతకం పెట్టేముందు ‘ఇది రాజీనా, నేరం ఒప్పుకోవడమా?’ అని అడగండి. జవాబు కాగితం మీద చూపించమనండి.

అయితే నిజంగానే తప్పు చేసినవాడి మాటేమిటి? చేసిన తప్పును చేయలేదని బొంకమంటున్నారా అని అడిగే శ్రోతలుంటారు. ఇది బరువైన ప్రశ్న. నేరం చేయలేదని కోర్టులో అనడం అబద్ధపు సాక్ష్యం కాదు, ఆరోపించినవాళ్లను రుజువు చేయమని కోరడం. రాజ్యాంగం 20వ అధికరణం ఎవరూ తనకు వ్యతిరేకంగా తాను సాక్షి కానక్కరలేదని హామీ ఇచ్చింది. అది నిర్దోషులకే పరిమితమైన హామీ కాదు. అయినా తప్పు ఒప్పుకుని మనశ్శాంతి పొందాలనుకునేవాడిని నేను తప్పుపట్టను. అతను ఒప్పుకోవచ్చు. కానీ ఉత్త చేతులతో ఒప్పుకోకూడదు. ప్రొబేషన్ కోరుతూ ఒప్పుకోవాలి.

ప్రొబేషన్ గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. నేరస్థుల ప్రొబేషన్ చట్టం వచ్చింది 1958లో. మునుపు శిక్షపడనివాడు దొంగతనం, మోసంలాంటి కొన్ని పేర్కొన్న నేరాలు గానీ, రెండేళ్లకు మించి జైలు శిక్ష లేని మరే నేరం గానీ చేస్తే, కోర్టు మందలించి వదిలేయవచ్చు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలు కానివాటిలో, సత్ప్రవర్తనతో ఉంటానని మూడేళ్లకు మించని గడువుకు బాండు రాయించుకుని విడుదల చేయవచ్చు. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్ల విషయంలో చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. అలాంటివాడిని యావజ్జీవం పడని నేరంలో జైలుకు పంపాలంటే, ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని చూసి, ఎందుకు పంపుతున్నదీ కోర్టు కారణాలు రాయాలి. పంపకపోవడమే నియమం, పంపడం మినహాయింపు. ఆ అధికారి చేసే పని చూడండి. కుర్రవాడి ఇంటికి వెళ్తాడు, తల్లిదండ్రులతో మాట్లాడతాడు, చదువు, పని, స్నేహాలు, ఆరోగ్యం, మానసిక స్థితి వాకబు చేసి రాస్తాడు. విడుదల చేసేటప్పుడు కోర్టు పర్యవేక్షణ పెట్టవచ్చు, అది ఏడాదికి తగ్గకూడదు. ఫలానా చోట ఉండాలి, మత్తు పదార్థాలు ముట్టకూడదు అని షరతులు పెట్టవచ్చు. షరతు తప్పితే వారెంటు వస్తుంది, అసలు నేరానికి శిక్ష పడవచ్చు.

ఈ చట్టాన్ని తొలిరోజుల్లో విశాల హృదయంతో అన్వయించినవారు మన రాజమహేంద్రవరం ప్రాంతం నుంచి వెళ్లి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు. రతన్ లాల్ కేసులో పదహారేళ్ల కుర్రవాడికి శిక్షపడిన తర్వాతనే ఈ చట్టం అతనున్న ప్రాంతానికి వర్తించింది. అయినా అప్పీలు కోర్టు దాని ప్రయోజనాన్ని అతనికి ఇవ్వవచ్చునని మెజారిటీ తీర్పులో ఆయన రాశారు. శిక్షాశాస్త్రంలో వచ్చిన ఉదార మార్పుకు ఈ చట్టాన్ని మైలురాయిగా ఆయన చూశారు. అరవై ఏళ్లు దాటిపోయినా ఆ మైలురాయి పక్కనుంచే మనవాళ్లు చూడకుండా వెళ్లిపోతున్నారు. తగిన కేసులో ప్రొబేషన్ ఇవ్వకపోతే ప్రత్యేక కారణాలు రాయాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడు 361వ సెక్షను చెప్పింది, కొత్త నాగరిక్ సురక్షా సంహిత కూడా చెబుతోంది. అయినా రద్దీగా నడిచే కోర్టులో, లాయరు లేని ముద్దాయి, ఇలాంటిది ఒకటుందని తెలియని ముద్దాయి, ఎలా అడుగుతాడు? అడగనివాడి కేసులో ఆ ప్రశ్న పైకి రాకుండానే పోతుంది. లాయరు అవసరం నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

ప్రొబేషన్‌ను సర్వరోగ నివారిణిగా చెప్పడం మోసమవుతుంది. ఈ చట్టం కింద విడుదలైనవాడికి నేర నిర్ధారణ వల్ల చట్టప్రకారం వచ్చే అనర్హత అంటదని 12వ సెక్షను చెబుతుంది. కానీ నేర నిర్ధారణ చెరిగిపోదు. ప్రభుత్వోద్యోగి అయితే అతని ప్రవర్తనమీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. ఒకసారి ప్రొబేషన్ పొందినవాడు మళ్లీ మందలింపుతో బయటపడలేడు కనుక, దాన్నీ ఆలోచించి వాడుకోవాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద దోషిగా తేలిన పెద్దలకు ఇది వర్తించదు. మాదకద్రవ్యాల చట్టంలోనూ, సేవించడంలాంటి కొన్ని నేరాలకు తప్ప, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు లేదు. నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసినవాళ్లకు ప్రొబేషన్ ఇవ్వడం తగదని సుప్రీంకోర్టు 2000లో దల్బీర్ సింగ్ కేసులో హెచ్చరించింది. ఆ హద్దులన్నీ సరైనవేనని నా నమ్మకం. మరో లోపం మాత్రం నన్ను బాధపెడుతుంది. బాండు మీద విడుదల చేయాలంటే ముద్దాయికి గానీ, జామీనుదారుకు గానీ స్థిరమైన నివాసమో, క్రమమైన వృత్తో ఉండాలి. పొట్టచేత పట్టుకుని ఊరూరా తిరిగే వలస కూలీకి ఆ ఒక్క వాక్యం తలుపు మూసేస్తుంది.

నష్టపోయినవాడి సంగతి ఎవరు చూస్తారు, దొంగను వదిలేస్తే సొత్తు పోయినవాడికి న్యాయమేది అని అడగడం సబబే. ఈ చట్టం 5వ సెక్షను ప్రకారం, మందలించో బాండు మీదో విడుదల చేసేటప్పుడే బాధితుడికి నష్టపరిహారం, కోర్టు ఖర్చులు చెల్లించమని ఆదేశించవచ్చు. మూడు నెలలు జైల్లో కూర్చున్నవాడు బాధితుడికి పైసా ఇవ్వలేడు. బయట పనిచేసుకునేవాడు ఇవ్వగలడు. దేశంలోని ఖైదీల్లో 2022 చివరికి నూటికి డెబ్బై అయిదు మందికి పైగా ఇంకా విచారణ తేలనివాళ్లే. అలా కిక్కిరిసిన జైళ్లలోకి పందొమ్మిదేళ్ల సెల్‌ఫోన్ దొంగను పంపితే, అతను బయటికి వచ్చేటప్పుడు బాగుపడి వస్తాడని ఎవరూ అనరు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం డబ్బు. ఫైను వెయ్యి, లాయరు ఫీజు అయిదు వేలు, అంత స్తోమత ఎక్కడిది? ఇది నిజమైన కష్టం. దీనికి జవాబుగా 1976లో రాజ్యాంగంలో చేరిన 39-ఎ అధికరణం ఉంది, 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ఉంది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది, కింది కోర్టుల దగ్గర మండల కమిటీలుంటాయి. సుఖ్ దాస్ కేసులో ఒక అధికారిని బెదిరించాడన్న నేరానికి పేదవాడికి రెండేళ్ల శిక్షపడింది. అతనికి లాయరు లేడు, కావాలని అడగనూ లేదు. అడగలేదు గనక హక్కు పోయిందనడానికి వీల్లేదని, ఆ హక్కు ఉందని చెప్పాల్సిన బాధ్యత కోర్టుదేనని అంటూ సుప్రీంకోర్టు 1986లో ఆ శిక్షను కొట్టేసింది. ఉచిత లాయర్లు శ్రద్ధగా వాదించరన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. కొందరి విషయంలో అది నిజం కూడా. శ్రద్ధలేని లాయరును మార్చమని ఆ సంస్థకే అర్జీ పెట్టుకోవచ్చు. బోనులో ఒంటరిగా నిలబడి ‘చేశానండి’ అనడం కంటే అది మేలు.

డబ్బు పెట్టి లాయరును కుదుర్చుకునేవాళ్లకు కొన్ని మాటలు. భూమి దస్తావేజులు చూసిపెట్టే లాయరు మంచివాడే కావచ్చు, క్రిమినల్ కేసుకు క్రిమినల్ కోర్టులో నిత్యం వాదించేవాళ్లను వెతకండి. ప్రతి వాయిదాకూ తానే వస్తారా, జూనియర్‌ను పంపుతారా అన్నది ముందే అడగండి. ఫీజు మొత్తమా, వాయిదాకింతా, అప్పీలు ఖర్చు వేరా అన్నది మొదటిరోజే తేల్చుకుని రసీదు తీసుకోండి. కేసు గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. బెయిలు గ్యారంటీ అని మాట ఇచ్చేవాళ్లను నమ్మకండి. వకాలత్‌నామా ఖాళీగా ఉండగా సంతకం పెట్టకండి. లాయరు నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు అట్టేపెట్టుకునే హక్కు లాయరుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ లాయరుకు జరిగింది జరిగినట్టు చెప్పండి. గతంలో జరిగినదాని గురించి మీరు చెప్పిన మాటను, మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని సాక్ష్య చట్టమే ఆయన్ను కట్టడి చేసింది.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. దుకాణంలో వస్తువు తీసిన కేసులోనో, తాగి కారు నడిపిన కేసులోనో నేరం ఒప్పుకుని ప్రొబేషన్ తీసుకుంటే చదువుకు అడ్డు రాదనుకుంటారు. అక్కడి రాష్ట్ర కోర్టు తీర్పును పక్కన పెట్టినా, నేరం ఒప్పుకుని ఏదో ఒక ఆంక్షకు లోబడితే చాలు, వలస చట్టం దాన్ని శిక్షపడినట్టే లెక్కగడుతుంది. నేరం ఒప్పుకుంటే దేశం విడిచి వెళ్లాల్సి రావచ్చన్న సంగతి లాయరు ముందే చెప్పి తీరాలని పడీయా కేసులో 2010లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ క్రిమినల్ లాయరుతోపాటు ఇమిగ్రేషన్ లాయరునూ అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు.

అందరూ ఇలా విచారణ కోరితే కోర్టులు ఏమైపోతాయి అని చివరగా అడుగుతారు. రద్దీ తగ్గించడానికే 2006లో ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ఏర్పాటు, అమల్లోకి వచ్చింది. అందులో కూడా ముద్దాయి ఇష్టపూర్వకంగానే ముందుకు వచ్చాడో లేదో న్యాయమూర్తి ఎవరూ లేనిచోట అతన్ని విడిగా అడిగి తెలుసుకోవాలన్న నియమం పెట్టారు. ఆ ఏర్పాటులో అంత జాగ్రత్త పడిన చట్టం ఉన్న దేశంలో, చిన్న కేసు ముద్దాయిని తోసుకుంటూ ఒప్పించడం అన్యాయం. కోర్టుల భారం తీర్చాల్సింది న్యాయమూర్తుల సంఖ్య పెంచి, ప్రొబేషన్ అధికారులను నియమించి. ముద్దాయి అజ్ఞానంతో కాదు.

మీకో, మీ ఇంట్లోవాళ్లకో, మీ పొలంలో పనిచేసేవాళ్లకో నోటీసుగానీ సమన్లుగానీ వస్తే, వాయిదా తేదీకి ముందే ఆ కాగితం పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లండి. డబ్బు లేకపోతే జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయండి. అదీ కుదరకపోతే బోనులో నిలబడినప్పుడు మేజిస్ట్రేటు గారితో ఒక్క మాట అనండి: ‘నాకు లాయరు కావాలండి.’ నేరం చేశావా అన్న ప్రశ్నకు జవాబు ఆ తర్వాతే చెప్పండి.